నికెల్ గుల్లలు

అక్టోబర్ 12, శనివారం

రేపు చర్చి మైదానంలో టర్కీ పందెం. దూరాన కాగితం మీద ఒక చుక్క. తుపాకితో దానికి అందరికంటే దగ్గరగా కొట్టినవాళ్ళకి టర్కీ కోడి. నిరుడు నేనూ దిగాను. ఈసారీ పేరిచ్చాను.

ఏ తూటాలు తీసుకువెళ్ళాలో తేల్చుకోలేక పొద్దున్నంతా గడిచిపోయింది. తేలనప్పుడు రెండు పక్షాలూ కాగితం మీద పెట్టమని కన్యాస్త్రీల మఠం బడిలో సిస్టర్ బెనిగ్నా చెప్పేది. పెడుతున్నాను.

తూటా పేలాక మిగిలే ఇత్తడి గుల్ల మెత్తనిది. మూతికి మంట చూపించి నీళ్ళలో పడేస్తే మళ్ళీ సాగుతుంది, మళ్ళీ మందు నింపుకోవచ్చు. నాన్న దగ్గర నా వయసు గుల్లలున్నాయి. కానీ నల్లబడుతుంది. తోలు పటకాలో పెడితే పచ్చగా చిలుము పడుతుంది.

నికెల్ పూత గుల్లకి చిలుము లేదు. వేళ్ళు కొయ్యబారే చలిలో కూడా నున్నగా తుపాకిలోకి జారుతుంది. కానీ పెళుసు. నాలుగైదుసార్లు నింపేసరికి మూతి చీలుతుంది, పారెయ్యాలి.

అందుకే మా ఇంట్లో ఇత్తడి సాధనకి, నికెల్ వేటకి. ఇత్తడిలో మందు తక్కువ పోస్తాం, భుజానికి దెబ్బ తగలకుండా. నికెల్‌లో పూర్తి మందు, గుండు దూరంలో కిందికి జారకుండా. గుండు రెండింటిలోనూ ఒకటే కనక పైకి తేడా రంగు ఒక్కటే. నాన్న కళ్ళకి పొరలు కమ్మినప్పటినుంచి త్రాసు మీద అంకెలు ఆనడం లేదు, మందు నింపేది నేనే. “రంగు తెలిస్తే నాకు చాల్లే తల్లీ. మిగతాది నీ చేతిలో పని” అంటాడు.

పందేనికి తక్కువ మందు చాలు. ఇత్తడి గుల్లలు అయిపోయాయి. అందుకని నికెల్ గుల్లల్లోనే తక్కువ మందు పోసి ఓ డజను తయారుచేశాను. నిరుడు ఆర్విల్ అన్న మాటకీ దీనికీ సంబంధం లేదు.

అక్టోబర్ 13, ఆదివారం

రెండో స్థానం. పంది మాంసం ఒక ముక్క ఇచ్చారు.

గీత దగ్గర నిలబడి తూటాలు బల్ల మీద పేరుస్తుంటే ఆర్విల్ వచ్చి వంగి చూశాడు. నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. ఊళ్ళో అందరికంటే గొంతు పెద్దది.

“ఓహో సిస్టరమ్మా! ఈసారి వెండి సామాను తెచ్చావే! ఒరే ఎమిలూ, నీ కూతురికి పెళ్ళి సంబంధం గానీ వచ్చిందా ఏంటి?”

అందరూ నవ్వారు. కానీ నిరుడు నవ్వినట్టు కాదు. నాకు చెవులు వేడెక్కాయి, అయినా బాగుంది. బాగుందని ఇక్కడ మాత్రమే రాసుకుంటున్నాను.

మిగిలిన తూటాలు ఇంటికి తెచ్చి నికెల్ పెట్టెలో పెట్టాను. తెల్లవి ఇత్తడి పెట్టెలో వేస్తే గందరగోళం. రేపు తీసి వాటికి ఎర్ర సిరాతో గుర్తు పెడతాను.

అక్టోబర్ 16

ఆపిల్ పళ్ళు ఉడకబెట్టడం, సీసాలకెత్తడం. అమ్మా నేనూ రోజంతా పొయ్యి దగ్గరే. సిరా బుడ్డి కనపడలేదు.

అక్టోబర్ 19

రేపు వేట మొదలు. నాన్న సాయంత్రం పటకాకి నూనె రాసి, నికెల్ పెట్టెలోంచి తూటాలు తీసి అందులో దోపుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు. చిత్రం.

అక్టోబర్ 20, ఆదివారం

తెల్లారకముందు చర్చిలో పూజకి వెళ్ళి, అక్కడినుంచే కొండకి. నాన్న, ఆర్విల్, నేను. నాకూ ఈ ఏడు వేట చీటీ కొన్నారు, చీటీకి ఒక్క జంతువు. కానీ మొదటి అవకాశం నాన్నది. ఎప్పుడూ అంతే.

బోన్ వాగు పైన, చెట్లు ఆగిపోయే చోట, ఎల్క్ దుప్పుల మంద. నాన్న బోర్లా పడుకున్నాడు. చూపు మసకే, కానీ తుపాకి దుర్భిణిలో పెద్దవి బాగానే కనపడతాయి. చాలాసేపు గురిపెట్టాడు. ఆయన ఎప్పుడూ తొందరపడడు.

చప్పుడు చిన్నగా వచ్చింది.

ఆ లోయలో కొన్నిసార్లు అలాగే వినపడుతుంది.

ఆడ ఎల్క్ ముందుకాళ్ళ మీద కూలబడింది. మళ్ళీ లేచింది. ఒక కాలు వేలాడుతోంది. నాన్న బోల్టు లాగి రెండో తూటా ఎక్కించేలోపల చెట్లలోకి వెళ్ళిపోయింది.

“కింద తగిలింది. గురి భుజం మీద పెట్టా కదరా నేను! భుజం మీదే పెట్టా” అన్నాడు.

“ఏ భుజం మీద? నీ భుజం మీదా?” అన్నాడు ఆర్విల్.

చీకటి పడేదాకా వెతికాం. మొదట నెత్తురు చుక్కలు కనపడ్డాయి, తరవాత వాన పట్టుకుంది, ఇక ఏమీ కనపడలేదు. నాన్న నేల మీద చేతులు ఆనించి, మొహం ఆకులకి దగ్గరగా పెట్టి వెతికాడు. ఆయన కళ్ళకి అలాగే తెలుస్తుంది. అలా చూడడం నాకు ఇష్టంలేక నేను వేరే వైపు వెళ్ళాను.

చివరికి ఒక దుంగ మీద కూర్చుని జేబులోంచి చీటీ తీశాడు. దాని మీది తేదీల్లో ఆ రోజు దగ్గర కత్తితో గంటు పెట్టాడు, జంతువు దొరికినప్పుడు పెట్టినట్టే.

“ఏం చేస్తున్నావురా!” అని ఆర్విల్ అరిచాడు. “దొరకందానికి చీటీ కోసేస్తావా? పిచ్చా నీకు?”

“నేను గాయం చేశా. అది చస్తుంది. నా లెక్కలో అది నాదే.”

“ఈ రాష్ట్రంలో ఎవడూ అలా చెయ్యడు.”

“మా నాన్న చేసేవాడు.”

గంటు పెట్టిన చీటీ ఇక చెల్లదు. ఈ ఏటికి నాన్న వేట అయిపోయింది.

అక్టోబర్ 21

పూర్తి మందు పోసిన తూటాతో కూడా గురి తప్పవచ్చు. అందరికీ తప్పుతుంది.

పెట్టె తెరవలేదు.

అక్టోబర్ 22

అమ్మ గిన్నెలు గట్టిగా పెడుతోంది. “గంటు పెట్టేశాడు మహానుభావుడు. ఇక చలికాలమంతా చిక్కుడు గింజలు ఉడకేసుకు తినండి. ఆయనగారి మర్యాదని ఉప్పూకారం వేసి వండుతాను.”

నాన్న రొట్టె ముక్కతో పళ్ళెం తుడుచుకున్నాడు.

అక్టోబర్ 24

ఆ రోజు పేల్చిన గుల్లని నాన్న ఎప్పటిలాగే తెచ్చి నా పనిబల్ల మీద పెట్టాడు, కడిగి మళ్ళీ నింపడానికి. నాలుగు రోజులుగా అక్కడే ఉంది. ఇవాళ చేతిలోకి తీసుకున్నాను.

మూతినుంచి సగం దాకా మసి.

పూర్తి మందు కాలితే గుల్ల మూతి ఉబ్బి తుపాకి గొట్టానికి బిగుసుకుంటుంది, పొగ వెనక్కి రాదు, గుల్ల శుభ్రంగా ఉంటుంది. మందు తక్కువైతే బిగుసుకోదు, మసి వెనక్కి పాకుతుంది. నల్లబడ్డ ఇత్తడి మీదైతే తెలిసేది కాదు. నికెల్ మీద వేలిముద్రలా కనపడుతోంది.

నాన్నకి కనపడి ఉండదు. ఆర్విల్ ఎప్పుడైనా ఈ గదిలోకి వస్తే కనపడుతుంది.

గుడ్డతో తుడిచాను. వెంటనే పోయింది. నికెల్‌కి అదొక గుణం.

అక్టోబర్ 26

పటకాలో మిగిలినవీ పెట్టెలోవీ తీసి తూచాను. కొన్ని తేలిక.

వాటిని విప్పి మందు పెరట్లో పారబోశాను. తేలికవి ఇక ఏమీ లేవు. ఇప్పుడు అంతా సరిగ్గా ఉంది.

అక్టోబర్ 27, ఆదివారం

పూజకి ముందు ఫాదర్ దగ్గర నా పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. మందు తక్కువ పోసిన తూటా పొరపాటున నాన్న పటకాలోకి వెళ్ళిందని చెప్పాను. ఫాదర్ ఊరికి కొత్త, తుపాకి పట్టి ఎరగరు. “పొరపాటు పాపం కాదమ్మా” అన్నారు. ఒక ప్రార్థన చెప్పుకోమన్నారు. ఇంత తేలికా అనిపించింది. బయటికి వస్తుంటే మనసు నిజంగానే తేలికపడింది.

మసి తుడిచిన సంగతి చెప్పలేదు. అడగలేదు కదా.

నవంబర్ 3, ఆదివారం

పూజ తరవాత హాల్లో కాఫీ. ఆర్విల్ మొదటివారమే తన ఎల్క్‌ని కొట్టాడు. ఇప్పుడిక ఆ గొంతుకి అడ్డేమీ లేదు.

“ఒరే ఎమిలూ, బ్యూట్ పట్నంలో కళ్ళ డాక్టర్ ఉన్నాడంటగా. లేదంటే వచ్చే ఏడు మా ఆవుల దొడ్డికి రా. అవి కదలవు. మూతికి తుపాకి ఆనించి కొట్టుకో.”

బల్లంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. అందరికంటే కొంచెం ఎక్కువసేపు నవ్వాడు.

“కాలికి తగిలిందంటే నయమే” అని ఆర్విల్ మళ్ళీ అందుకున్నాడు. “నేను నీ వెనకే నిలబడ్డా కదా, నాకెక్కడ తగులుతుందో అని భయపడి చచ్చా.”

“చాలు ఆర్విల్” అంది అమ్మ. “నీ కాఫీ చల్లారుతోంది.”

నేను కప్పులు సర్దడానికి లేచాను. కప్పులు సర్దేవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు.

నవంబర్ 5

నాన్న తన తుపాకిని తెచ్చి నా మంచం మీద పెట్టాడు. పక్కనే పటకా.

“ఇక నీదే.”

“నాన్నా, వద్దు.”

“కనపడనివాడి చేతిలో తుపాకి ఉండకూడదు తల్లీ. ఈసారి దాని కాలు. వచ్చేసారి ఎవరి ప్రాణమో. ఆర్విల్ వాగుతాడు గానీ, వాడి మాటలో నిజముంది.”

నేను అక్కడే ఆయనకి చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. “పటకాకి నూనె రాస్తాను” అన్నాను.

నవంబర్ 6

నూనె రాశాను.

నవంబర్ 10, ఆదివారం

అమ్మ: “నీ చీటీకి ఇంకా గంటు పడలేదు. నువ్వు వెళ్ళు. ఈ ఇంట్లో కళ్ళున్నదానివి నువ్వొక్కదానివే.”

“నాకు చలి పడదమ్మా.”

“ఎల్క్ మాంసం పడుతుందా?”

నాన్న తల ఎత్తలేదు, కానీ ఎదురుచూస్తున్నాడని తెలిసింది. తను తోడు వస్తానని చెప్పాడు, తుపాకి లేకుండా.

వాళ్ళ లెక్కలో నాకే తప్పూ లేదు. నేను వెళ్ళి కొడితే చలికాలానికి మాంసం ఉంటుంది, నాన్న సంతోషిస్తాడు, ఆర్విల్ నోరు మూస్తాడు. చెబితే ఇవేవీ ఉండవు. తాతగారి పద్ధతి ప్రకారం ఆ గాయం నాది కనక నా చీటీ కూడా కోసెయ్యాల్సిందే. చెప్పకపోవడమే అందరికీ మంచిది.

సిస్టర్ బెనిగ్నా చెప్పినట్టు రెండు పక్షాలూ రాశాను. రెండో పక్షంలో ఏమీ రాలేదు.

నవంబర్ 14

“ఇత్తడి గుల్లలు అయిపోయాయి” అని అక్టోబర్ 12న రాసుకున్నాను. ఇవాళ అది చదివాను.

అయిపోలేదు. పనిబల్ల కింద బకెట్ నిండా ఉన్నాయి. నల్లగా, పచ్చగా. తోమాలి. తోమినా నలుపు పూర్తిగా పోదు.

నిరుడు పందెంలో ఆర్విల్ నా తూటా ఒకటి ఎత్తిపట్టుకుని అన్నాడు: “ఒరే ఎమిలూ, మఠం నుంచి వచ్చిన పిల్లకి ఈ తుప్పు చెంచాలిచ్చి పంపావేంట్రా? సూప్ తాగడానికా?” అప్పుడు నేను కొట్టిన మూడు గుండ్లూ కాగితానికే తగల్లేదు.

అందుకే తెల్లవి. ఇంకే కారణమూ లేదు.

ఎవరికీ చూపించని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను.

నవంబర్ 17, ఆదివారం

మోకాలిలోతు మంచు. బోన్ వాగుకి ఇవతలి గట్టు. నాన్న నా పక్కనే బోర్లా పడుకున్నాడు. ఆయన గడ్డం మీద మంచు పేరుకుంది.

“ఉన్నాయా?”

“ఉన్నాయి. ఆరు.”

“దగ్గరిది?”

“ఒంటరిగా ఒకటి. మేస్తోంది. పక్కకి తిరిగి ఉంది.”

“బాగుంది. ఊపిరి వదిలాక నొక్కు. తొందర లేదు. నీకేం కాదు. నువ్వు నాలా కాదు. నీ చెయ్యి నమ్మకమైనది” అన్నాడు.

దుర్భిణిలో గీతలు దాని భుజం మీద ఉన్నాయి. చెవి విదిలించడం కూడా కనపడుతోంది. నొక్కితే చాలు.

బోల్టు వెనక్కి లాగాను. తూటా ఎగిరి మంచులో పడింది. తెల్లగుల్ల, తెల్లమంచు. నాకే కనపడలేదు.

“ఏమైంది? ఇరుక్కుందా?” అని నాన్న చేతితొడుగు తీసేసి, దాని కోసం మంచులో తడమడం మొదలుపెట్టాడు.

“నాన్నా, నీ కళ్ళు కాదు.”

ఆయన తడుముతూనే ఉన్నాడు.

“ఆ రోజు నువ్వు పేల్చింది తక్కువ మందుది. పందెం కోసం నికెల్ గుల్లల్లో నేను పోశాను. మిగిలినవి నీ పెట్టెలో పెట్టాను. చప్పుడు విన్నప్పుడే నాకు తెలుసు. తరవాత గుల్ల మీద మసి కనపడింది. తుడిచేశాను.”

ఎల్క్‌లు తలలెత్తాయి. నా గొంతు అంతదూరం వెళ్తుందనుకోలేదు. ఒకదాని వెనక ఒకటి చెట్లలోకి నడిచిపోయాయి.

నాన్నకి తూటా దొరికింది. చొక్కా చేతికి తుడిచి అరచేతిలో పెట్టుకున్నాడు. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి.

“దీంట్లో?”

“పూర్తిగా ఉంది. తూచాను.”

“తెల్లవాటిలో ఎందుకు పోశావు?”

ఈ ప్రశ్న ఒక్కటీ అడగకూడదని నెల రోజులుగా మొక్కుకుంటున్నాను.

“ఇత్తడివి నల్లగా ఉన్నాయని.”

“తోమితే పోయేదిగా.”

“పూర్తిగా పోదు.”

“ఆర్విల్ గాడు నవ్వుతాడనా?”

“అవును.”

తూటాని జేబులో వేసుకున్నాడు. తరవాత చాలా మామూలుగా అన్నాడు.

“అందుకని నీ బదులు వాడు నన్ను చూసి నవ్వాడు.”

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుంది. చీటీ తీశాను. నా దగ్గర కత్తి లేదు. నాన్న తన కత్తి పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు. ఇవాళ్టి తేదీ కాదు, అక్టోబర్ ఇరవై దగ్గర గంటు పెట్టాను.

“తుపాకి ఇటియ్యి” అన్నాడు.

ఇచ్చాను. బోల్టు తెరిచి తూటా ఉండే చోట వేలు పెట్టి ఖాళీ అని చూసుకున్నాడు. భుజాన వేసుకుని ముందు నడిచాడు. అంత వేగంగా నడవడం ఈ నెలలో చూడలేదు. నేను ఆయన అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వచ్చాను.

ఇంటి దగ్గర, గుమ్మం ముందు రాయి మీద బూట్లు దులుపుకుంటూ ఒక్కమాట అన్నాడు. “వాడికి నువ్వే చెప్పాలి.”

నవంబర్ 18

అమ్మ చిక్కుడు గింజలు నానబెట్టింది.

నవంబర్ 22

ఇంకా రెండు రోజులు. జ్వరం వస్తే బాగుండునని నుదురు పట్టి చూసుకున్నాను. చల్లగా ఉంది.

నవంబర్ 24, ఆదివారం

హాల్లో కాఫీ. అదే బల్ల. ఆర్విల్ ఎదురుగా నిలబడ్డాను.

“నాన్న గురి తప్పలేదు” అన్నాను.

“ఏంటి సిస్టరమ్మా? వినపడలా.”

నాన్న వైపు చూశాను. ఆయన కాఫీలో పంచదార కలుపుకుంటున్నాడు.

“నాన్న గురి తప్పలేదు” అని గట్టిగా అన్నాను. పక్క బల్లల వాళ్ళు తిరిగారు. “ఆ తూటాలో మందు తక్కువ. నేను నింపింది. నువ్వు నిరుడు తుప్పు చెంచాలని నవ్వావని నికెల్ గుల్లలు వాడాను, అవి నాన్న పటకాలోకి వెళ్ళాయి. ఇన్నాళ్ళూ దాచాను.”

ఆర్విల్ నోరు తెరిచాడు. ఏదో పెద్దమాటే వస్తుందనుకున్నాను. వెండి సామాను అంటాడనుకున్నాను. ఆయన నాన్న వైపు తిరిగాడు.

“నీకు తెలుసా?”

“పోయిన ఆదివారం నుంచి తెలుసు.”

“మరి నాతో చెప్పి ఏడవచ్చు కదరా!”

“చెప్పాల్సింది నేను కాదు, అది.”

ఆర్విల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “తుప్పు చెంచాలు అన్నానా నేను?” అని అడిగాడు. ఆయనకి గుర్తు కూడా లేదు. ఏడాదిపాటు నేను మోసిన మాట ఆయనకి గుర్తు కూడా లేదు.

కప్పులు ఎవరో సర్దారు. నాకు కూర్చోవడం తప్ప పని లేకపోయింది. అందరూ నన్ను చూశారు. చూడనిచ్చాను.

నవంబర్ 30

బకెట్ బయటికి లాగాను. వెనిగర్, ఉప్పు, వేడినీళ్ళు. వారమంతా ఇత్తడి తోముతున్నాను. గోళ్ళ సందుల్లో పచ్చదనం పోవడం లేదు. గుల్లల నలుపు కూడా పూర్తిగా పోలేదు, అనుకున్నట్టే.

మధ్యాహ్నం నాన్న గదిలోకి వచ్చాడు. ఇన్నాళ్ళూ నేను నింపేటప్పుడు వచ్చేవాడు కాదు. మందు డబ్బా, త్రాసు నా ముందు పెట్టి, తను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఇక నుంచి పైకి చదువు. ఒక్కొక్కటీ.”

నమ్మకం లేదా అని అడగలేదు.

మొదటి గుల్లకి మందు తూచాను. అంకె చెప్పాను.

“వినపడలేదు” అన్నాడు, త్రాసు వైపే చెవి పెట్టి.

గట్టిగా చదివాను.